చలికాలంలో ఫారంలో కరెంటు పోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

మంచు కురిసే చోట పశువులు, కోళ్లు పెంచేవాళ్లకు కరెంటు పోవడమంటే ఇంట్లో లైట్లు ఆరిపోవడం ఒక్కటే కాదు. బోరు మోటారు ఆగిపోతుంది. తొట్లలో నీళ్లు గడ్డకట్టకుండా చూసే హీటర్లు ఆగిపోతాయి. షెడ్డులో ఫ్యాన్లు, పాలు పితికే మెషీన్, పాలు చల్లబరిచే ట్యాంకు, కోడిపిల్లల మీద వేలాడే దీపాలు, అన్నీ ఒక్క క్షణంలో మూగబోతాయి. పాడి పశువులతో, కోళ్లతో చాలా చలికాలాలు గడిపాను కాబట్టి, నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. పెద్ద పశువులకు ముందు గాలి, తర్వాత నీళ్లు, ఆ తర్వాత వెచ్చదనం. నా జవాబులన్నిటికీ ఆధారం ఈ వరుసే. చలికి భయపడి చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. నష్టం అక్కడే మొదలవుతుంది.

కరెంటు పోగానే మొట్టమొదట ఏం చేయాలి?

ముందు మీరు వెచ్చగా బట్టలు వేసుకోండి. కంగారులో పలచని చొక్కాతో బయటికి పరుగెత్తి, అరగంటలో వేళ్లు కొంకర్లు పోయాక ఏ పనీ చేయలేరు. టార్చి చేతిలో పట్టుకునేది కాకుండా తలకు కట్టుకునేదైతే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

పోయింది మీ ఒక్కరికేనా, చుట్టుపక్కల అందరికీనా చూడండి. మీ ఒక్కరికే అయితే మెయిన్ బ్రేకర్ పడిందేమో చూసుకోండి. అందరికీ పోయి ఉంటే విద్యుత్ సంస్థకు ఫోన్ చేసి చెప్పండి. పక్కవాళ్లు చెప్పి ఉంటారులే అని ఊరుకోకండి. పశువులున్న ఫారం అని కూడా చెప్పండి. ఆ తర్వాత పెద్ద మోటార్ల స్విచ్‌లన్నీ ఆపేయండి.

ఇక షెడ్లు చుట్టి రండి. ఫ్యాన్ల మీదే ఆధారపడిన మూసిన షెడ్లకు ముందు వెళ్లాలి, అక్కడ టైము నిమిషాల్లో ఉంటుంది. పుట్టి కొద్దిరోజులైన పిల్లలకు గంట రెండు గంటలు. నీళ్లకు కొన్ని గంటలు. పాలకు ఒక పూట. ఫ్రిజ్‌లో కూరగాయల సంగతి చివర చూసుకోవచ్చు.

బయట మంచు కురుస్తోంది. ఫ్యాన్లు ఆగిన షెడ్డు తలుపులు తీయమంటారా?

తీయాల్సిందే. ఈ జవాబు వినగానే చాలామంది నమ్మరు. కానీ మూసి ఉన్న కోళ్ల షెడ్డులో, పందుల షెడ్డులో వేలాది ప్రాణాలు ఊపిరి వదులుతూ ఉంటాయి. ఫ్యాన్లు ఆగితే కార్బన్ డయాక్సైడ్, తేమ, పేడ నుంచి వచ్చే అమ్మోనియా లోపలే పేరుకుంటాయి. పెద్ద కోళ్ల ఒంటి వేడికి బయట మంచు ఉన్నా లోపల ఉక్కపోస్తుంది. అలాంటి షెడ్డులో గంట లోపే చావులు మొదలు కావచ్చు. చలి చంపడానికి అంతకంటే చాలా ఎక్కువ సేపు పడుతుంది.

గాలి వీచే వైపు తలుపులు బార్లా తీయకండి. దానికి ఎదురుగా ఉన్న వైపు ఎక్కువగా, గాలి వైపు కొద్దిగా తీయండి. కర్టెన్లు ఉంటే పైనుంచి ఒక జానెడు దించండి, వేడి, చెడు గాలి పైనుంచి పోతాయి. లోపలికి వెళ్లగానే కళ్లు మండుతున్నాయంటే సందు చాలలేదని అర్థం. షెడ్డు కింద పేడ గుంత ఉంటే, ఫ్యాన్లు లేనప్పుడు దాన్ని కలపకండి, ఎందుకోసమైనా సరే అందులోకి దిగకండి. అందులోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ మనిషిని నిలబడ్డచోటే కూల్చేస్తుంది. పడినవాణ్ని తీయడానికి దిగినవాడూ పడిపోతాడు.

పెద్ద ఆవులు ఎంత చలి తట్టుకుంటాయి?

మనం అనుకునే దానికంటే చాలా ఎక్కువ. చలికాలపు బొచ్చు దట్టంగా పెరిగి, ఒళ్లు పొడిగా, కడుపు నిండుగా ఉండి, ఈదురుగాలి తగలకపోతే పెద్ద ఆవు సుమారు మైనస్ 7, 8 డిగ్రీల సెల్సియస్ దాకా అదనపు మేత లేకుండానే నెట్టుకొస్తుంది. అదే ఆవు ఒళ్లు తడిస్తే 15 డిగ్రీల దగ్గరే దానికి చలి మొదలవుతుంది. పొడిగా ఉంచడం అంత ముఖ్యం. కింద గడ్డి మందంగా పరవండి, తడిసిన చోట పైన ఇంకో పొర వేయండి. గాలికి అడ్డంగా గడ్డి మోపులు పేర్చినా చాలు.

ఆ హద్దు దాటి చలి పెరిగితే, తగ్గే ప్రతి డిగ్రీకి మేతలో సుమారు 2 శాతం ఎక్కువ శక్తి కావాలి. దాన్ని ఎండుగడ్డితో ఇవ్వండి. గడ్డి కడుపులో పులిసేటప్పుడు పుట్టే వేడే ఆవుకు లోపలి కుంపటి. సాయంత్రం పూట ఎక్కువ వేస్తే ఆ వేడి రాత్రంతా అందుతుంది.

రోజుకు ఎన్ని నీళ్లు కావాలి? మంచు తిని బతకవా?

పాలిచ్చే పెద్ద ఆవుకు రోజుకు 100 లీటర్ల వరకు, పాలివ్వని దానికి 30 నుంచి 50, గుర్రానికి 25 నుంచి 45, గొర్రెకో మేకకో 4 నుంచి 10, గుడ్లు పెట్టే కోడికి పావు లీటరు. మీ మందను ఒకసారి కాగితం మీద లెక్కేయండి. 30 పాడి ఆవులుంటే రోజుకు 3,000 లీటర్లు. బకెట్లతో మోసే లెక్క కాదిది.

మంచు సంగతి కూడా లెక్కలోనే తేలుతుంది. అప్పుడే పడిన మంచు 10 లీటర్ల బకెట్ నిండా తీసుకుంటే, కరిగాక ఒక లీటరు నీళ్లు వస్తే గొప్ప. పాలిచ్చే ఆవు ఆ లెక్కన ఎంత మంచు తినాలి? పైగా దాన్ని కరిగించడానికి ఒంట్లో వేడి ఖర్చవుతుంది. బయట మేసే కొన్ని పశువులు, గొర్రెలు శుభ్రమైన మెత్తని మంచుతో కొంతకాలం నెగ్గుకొస్తాయి గానీ, పాలిచ్చేవాటికి, చిన్నపిల్లలకు, జబ్బుతో ఉన్నవాటికి అది దారి కాదు. నీళ్లు తగ్గితే మేత తగ్గుతుంది, మేత తగ్గితే ఒంటి వేడి తగ్గుతుంది. చలికి చనిపోయిందని మనం అనుకునే పశువు చాలాసార్లు దాహంతోనే కుంగిపోయి ఉంటుంది.

తుఫాను హెచ్చరిక రాగానే ట్యాంకులు, డ్రమ్ములు, తొట్లు, ఏది ఖాళీగా ఉంటే అది నింపేయండి. చిన్న గిన్నెలో నీళ్లు గంటలో గడ్డకడతాయి, పెద్ద తొట్టిలో నీళ్లు చాలాసేపు ఓర్చుకుంటాయి. తొట్టి పైభాగం చెక్కతోనో మందపాటి థర్మోకోల్‌తోనో మూసి, ఒక మూతి పట్టేంత సందు వదలండి. చుట్టూ గడ్డి మోపులు పేర్చండి. రోజుకు మూడు నాలుగుసార్లు మంచు పొర పగలగొట్టి, ఆ ముక్కలు బయటికి తీసేయాలి, లోపలే వదిలేస్తే మళ్లీ అతుక్కుంటాయి.

ఎత్తులో ట్యాంకు పెట్టుకునే వీలుంటే కరెంటు అక్కర్లేకుండానే నీళ్లు దిగుతాయి. ఫారంలో ఒక్క ఏర్పాటుకే డబ్బుందంటే నేను ముందు దాన్నే కట్టిస్తాను. చెరువు మీద గడ్డకట్టిన మంచు పైకి మాత్రం పశువులను తోలకండి. ఒడ్డున కన్నం చేసి నీళ్లు తోడి తెచ్చుకోండి. నడుముకు తాడు కట్టుకోవాలి, ఒడ్డున ఇంకో మనిషి ఉండాలి.

పైపులు పగలకుండా ఎలా?

నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి ఇనుప పైపైనా చీలుతుంది. కుళాయి సన్నగా వదిలిపెట్టాలన్న సలహా పంపు నడుస్తున్నప్పుడే పనికొస్తుంది. పంపు ఆగితే లైను మూసి, అన్నిటికంటే దిగువనున్న కుళాయి తెరిచి నీళ్లు ఖాళీ చేయడమే మేలు. పంపు గుల్ల, పాలు పితికే మెషీన్ గొట్టాలు, కడిగే మెషీన్ మర్చిపోకండి. వాటర్ హీటర్‌ను ఖాళీ చేస్తే దాని స్విచ్ ఆపి, పైన ‘ఖాళీగా ఉంది, స్విచ్ వేయొద్దు’ అని కాగితం అంటించండి. ఇప్పటికే గడ్డకట్టిన పైపుకు గుడ్డ చుట్టి వేడి నీళ్లు పోయండి. కుళాయి వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి వెళ్లండి. మంట పెట్టకండి. గడ్డి ఉన్న షెడ్డులో ఒక్క నిప్పురవ్వ చాలు.

ఎంత జనరేటర్ కావాలి?

మోటారు మీద రాసి ఉన్న హెచ్‌పీ చూసి జనరేటర్ కొనేస్తే మోసపోతారు. మోటారు మొదలయ్యే క్షణంలో నడిచేటప్పటి కంటే 5, 6 రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. 3 హెచ్‌పీ పంపు నడిచేటప్పుడు సుమారు 3 కిలోవాట్లు తీసుకుంటుంది గానీ, 5 కిలోవాట్ల జనరేటర్ దాన్ని స్టార్ట్ చేయలేక గుడ్లు తేలేయవచ్చు. మోటారును మెల్లగా మొదలుపెట్టే సాఫ్ట్ స్టార్టర్ పెడితే ఆ భారం బాగా తగ్గుతుంది.

అన్నీ ఒకేసారి నడవాల్సిన పని లేదు. గంటసేపు నీళ్లు, తర్వాత పాలు పితకడం, తర్వాత పాల ట్యాంకు. ఈ వంతుల పట్టిక ముందే రాసుకుంటే చిన్న జనరేటర్‌తోనే గడుస్తుంది. ఫ్యాన్లతో నడిచే మూసిన షెడ్లకు మాత్రం ఈ వంతులు కుదరవు. వాటికి దానంతటదే మొదలయ్యే జనరేటర్, కరెంటు పోతే ఫోన్‌కు కబురు పంపే అలారం ఉండాలి.

ట్రాక్టర్ పీటీఓతో, అంటే ఇంజిను తిప్పే వెనక షాఫ్ట్‌తో, తిరిగే జనరేటర్ చాలా ఫారాలకు సరిపోతుంది. ఒక కిలోవాట్‌కు సుమారు 2 హెచ్‌పీ ట్రాక్టర్ కావాలి. ట్రాక్టర్ వేగం తగ్గితే వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ రెండూ తగ్గి మోటార్లు వేడెక్కుతాయి. మీటరు చూసుకుంటూ నడపండి. తిరిగే షాఫ్ట్‌కు కవరు తప్పనిసరి, మెడకు చుట్టుకున్న మఫ్లర్ కొసలు, కోటు అంచులు దానికి దూరంగా ఉంచండి. డీజిల్ లెక్క కూడా వేసుకోండి. 10 కిలోవాట్ల భారానికి గంటకు 3, 4 లీటర్లు పోతాయి.

జనరేటర్ వైరు గోడ ప్లగ్‌లో పెడితే ఇల్లంతా వెలుగుతుందట. చేయొచ్చా?

దయచేసి చేయకండి. అలా ఇచ్చిన కరెంటు మీ మెయిన్ దాటి బయటి లైనులోకి వెనక్కి వెళ్తుంది. అక్కడి ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని వేల వోల్టులకు పెంచుతుంది. ఆ చలిలో, ఆ రాత్రి మన కోసమే స్తంభం ఎక్కిన లైన్‌మన్ చేతిలో ఉన్నది ఆ తీగే. లైను చచ్చిపోయిందనుకుని ముట్టుకుంటాడు.

ఛేంజోవర్ స్విచ్ పెట్టించండి. అది ఒకవైపు తిప్పితే బయటి లైను, ఇంకోవైపు తిప్పితే జనరేటర్. రెండూ ఒకేసారి కలిసే వీలే ఉండదు. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో వేసవిలోనే చేయించుకోండి.

మంచు పడుతోంది కదా, జనరేటర్ షెడ్డులో పెట్టుకుంటే?

వద్దు. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపు తీసి ఉన్నా సరిపోదు. ఇంటి తలుపులు, కిటికీలు, షెడ్డు గాలి సందులకు కనీసం 6 మీటర్ల దూరంలో, గాలి మీ వైపు వీచని చోట పెట్టండి. తడవకుండా పైన రేకు కప్పు వేయండి, నాలుగు పక్కలా తెరిచి ఉండాలి.

ఒకసారి మంచుకు భయపడి కొట్టం గుమ్మం దగ్గరే పెట్టాను. పాలు పితుకుతుంటే తలనొప్పి, వికారం. నిద్ర చాలక అనుకున్నాను. బయటికి వచ్చి పది నిమిషాలు నిలబడితే తగ్గింది, లోపలికి వెళ్తే మళ్లీ వచ్చింది. అప్పుడు అర్థమైంది. ఇంకో గంట ఉండి ఉంటే ఇది రాసేవాణ్ని కాదు. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఇంట్లో ఒకటి, కొట్టంలో ఒకటి పెట్టుకోండి. బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని పడుకోవడమూ ఇంతే ప్రమాదం.

తీరా కావాల్సినప్పుడే స్టార్ట్ కావడం లేదు. ఎందుకు?

సాధారణంగా రెండు కారణాలు. ఒకటి, చలికి డీజిల్‌లోని మైనం గట్టిపడి ఫిల్టర్‌ను మూసేస్తుంది. చలికాలపు డీజిల్ ముందే నింపుకోవాలి, గట్టిపడకుండా కలిపే మందు కూడా గట్టిపడక ముందే పోయాలి. రెండోది బ్యాటరీ. చలిలో దాని సత్తువ సగానికి పడిపోతుంది. నిండుగా చార్జ్ ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ మైనస్ 50 డిగ్రీల్లో కూడా గడ్డకట్టదు గానీ, చార్జ్ లేకుండా ఖాళీ అయినది మైనస్ 10 లోపే గడ్డకడుతుంది. గడ్డకట్టిన బ్యాటరీని చార్జింగ్‌కు పెట్టకండి, పగిలి యాసిడ్ చిమ్మవచ్చు.

నెలకోసారి అరగంట నడపండి. ఉత్తినే కాదు, పంపు భారం వేసి నడపండి.

పాలు పితికే మెషీన్ ఆగిపోయింది. ఒక పూట మానేయొచ్చా?

ఒక పూట మానేస్తే ఆరోగ్యంగా ఉన్న ఆవుకు పెద్ద ప్రమాదం లేదు, ఇబ్బంది మాత్రం ఉంటుంది. రెండో పూట కూడా దాటితే పొదుగువాపు ముప్పు పెరుగుతుంది. అందరూ కలిసి చేత్తో పితకాలంటే, అప్పుడే ఈనినవి, ఎక్కువ పాలిచ్చేవి ముందు. పొదుగు బిగువు తగ్గేంత తీసినా ప్రస్తుతానికి ఉపశమనమే. తక్కువ పాలిచ్చేవి, త్వరలో ఎలాగూ వట్టిపోవాల్సినవి ఉంటే పశువైద్యుణ్ని అడిగి ఇప్పుడే ఆపేయడం ఆలోచించండి. దాణా తగ్గించండి, ఎండుగడ్డి తగ్గించకండి. చేతులు, పొదుగు శుభ్రంగా తుడవడం అలసటలో మర్చిపోతాం, వాపు అక్కడి నుంచే వస్తుంది.

1998 జనవరిలో కెనడా తూర్పు భాగంలో, అమెరికా ఈశాన్యంలో మంచు వాన పడి కొన్ని చోట్ల వారాల తరబడి కరెంటు లేదు. అప్పుడు రైతులు ఒకే జనరేటర్‌ను ఒక ఫారం నుంచి ఇంకో ఫారానికి తీసుకెళ్తూ వంతులవారీగా పాలు పితికారు. అలాంటి ఒప్పందం పక్క ఫారాలవాళ్లతో ముందే కుదుర్చుకోండి. అందరి ప్లగ్గులు ఒకే రకంగా ఉండేలా కూడా చూసుకోండి, లేకపోతే జనరేటర్ వచ్చినా తగిలించలేరు.

పితికిన పాలు, ఫ్రిజ్‌లోని వ్యాక్సిన్లు ఏం చేయాలి?

పాలు 2 గంటల్లో 4 డిగ్రీలకు చేరాలి. క్యాన్లను ఉత్త మంచులో గుచ్చితే నెమ్మదిగా చల్లబడతాయి, మంచులో గాలి ఎక్కువ కాబట్టి అది దుప్పటిలా పనిచేస్తుంది. మంచులో నీళ్లు కలిపి ఆ జావలో క్యాన్లు ముంచి, మధ్యమధ్య పాలు కలుపుతూ ఉండండి. వేళ దాటిన పాలను పాలు తీసుకునేవాళ్లకు చెప్పకుండా ట్యాంకులో కలపకండి. పారబోయాల్సి వస్తే వాగులో పోయొద్దు, నీటిలోని ఆక్సిజన్ హరించుకుపోయి చేపలు చస్తాయి.

వ్యాక్సిన్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. చల్లగా ఉంది కదా అని బయట మంచులో పెట్టేస్తారు, అది పెద్ద తప్పు. చాలా వ్యాక్సిన్లు ఒక్కసారి గడ్డకడితే చాలు, పాడవుతాయి. ఫ్రిజ్ మూసి ఉంచి, థర్మామీటర్‌తో చూస్తూ ఉండండి. వీర్యం నిల్వచేసే లిక్విడ్ నైట్రోజన్ క్యాన్‌కు కరెంటుతో పనిలేదు, దాని గురించి టెన్షన్ వద్దు. ఇంటి ఫ్రీజర్ నిండుగా ఉండి తెరవకపోతే 48 గంటలు ఆగుతుంది, ఫ్రిజ్ సుమారు 4 గంటలు.

కోడిపిల్లలు, అప్పుడే పుట్టిన దూడలు?

మొదటి వారం కోడిపిల్లలకు 32 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీలు తగ్గించుకోవచ్చు. చలి తగిలితే ఒకదానిమీద ఒకటి ఎక్కి, అడుగున ఉన్నవి ఊపిరాడక పోతాయి. అందుకే వాటిని చిన్న చిన్న గుంపులుగా పెట్టెల్లో సర్ది, గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసాలు మధ్యలో పెట్టండి. పెట్టెకు గాలి కన్నాలు ఉండాలి.

దూడ పుట్టగానే ఒళ్లు పూర్తిగా ఆరేదాకా గడ్డితో, గోనెతో తుడవండి. మొదటి 2 గంటల్లో జున్నుపాలు కడుపులో పడాలి. నోట్లో వేలు పెడితే చల్లగా తగిలినా, ఒంటి వేడి 37.5 డిగ్రీల కంటే తగ్గినా వెంటనే వెచ్చబెట్టాలి. గోరువెచ్చని నీళ్ల తొట్టిలో తల పైకి పట్టుకుని ఉంచి, తర్వాత పొడిగా తుడిచి దుప్పటి కప్పండి. అవసరమైతే ఇంట్లోకి తెచ్చుకోండి, అందులో నామోషీ ఏం లేదు.

గుడ్లు పొదిగే మెషీన్ ఆగితే తలుపు తెరవకుండా పైన దుప్పటి కప్పండి, గాలి కన్నాలు మూయొద్దు. కొన్ని గంటలు చల్లబడినంత మాత్రాన అన్నీ పోవు. పారేయకండి, 4, 5 రోజులు ఆగి గుడ్డు వెనక దీపం పెట్టి లోపల చూశాక నిర్ణయించుకోండి.

సోలార్ ప్యానెళ్లు ఉన్నాయి. ఇక భయం లేదుగా?

బ్యాటరీ లేకుండా నేరుగా లైనుకు కలిపినవైతే, కరెంటు పోగానే లైన్‌మన్ల భద్రత కోసం అవీ ఆగిపోతాయి. బ్యాటరీ ఉన్నా, లిథియం రకాలను సున్నా డిగ్రీల కింద చార్జ్ చేయకూడదు. బ్యాటరీ గదిని వెచ్చగా ఉంచుకోవాలి.

గ్రీన్‌హౌస్‌కు ఏం చేయాలి?

హీటర్ ఆగితే పైన పడిన మంచు కరగదు, బరువు పెరిగి కప్పు కూలవచ్చు. పొడవాటి కర్రకు మెత్తని గుడ్డ కట్టి బయటి నుంచి దులపండి, లోపల నిలబడి కాదు. మొక్కలపై గుడ్డ కప్పండి. కిరోసిన్ హీటర్ పొగ బయటికి పోయే దారి లేకపోతే అందులోని ఇథిలీన్ అనే వాయువుకు మొక్కలు పాడవుతాయి, పూత రాలిపోతుంది.

పొలంలో తీగ తెగి పడింది.

కనీసం 10 మీటర్ల దూరంలో ఆగిపోండి. మంచు కింద ఇంకో ముక్క దాగి ఉండవచ్చు. పశువులను ఆ వైపు పోనీయకండి. పశువు పడిపోయి ఉన్నా దగ్గరికి వెళ్లకండి, లైను ఆపామని విద్యుత్ సిబ్బంది చెప్పేదాకా ఆగండి. ట్రాక్టర్‌కు తీగ తగిలితే సీట్లోనే కూర్చోండి. మంటలు వచ్చి దిగక తప్పకపోతే, ట్రాక్టర్‌నూ నేలనూ ఒకేసారి ముట్టకుండా, రెండు పాదాలు కలిపి దూకి, పాదాలు ఎత్తకుండా జరుగుతూ దూరం వెళ్లండి.

కరెంటు వచ్చింది. అన్నీ ఆన్ చేసేయొచ్చా?

పదిహేను నిమిషాలు ఆగండి, మళ్లీ పోయి వచ్చే అవకాశం ఎక్కువ. జనరేటర్ ఆపి, ఛేంజోవర్ తిప్పి, మోటార్లు ఒక్కొక్కటిగా మొదలుపెట్టండి. త్రీఫేజ్ ఉన్నవాళ్లు మూడు ఫేజులూ వస్తున్నాయో లేదో మీటరుతో చూడాలి, ఒకటి లేకపోతే మోటారు కాలిపోతుంది. లైను బాగుచేసేటప్పుడు ఫేజుల వరుస మారితే మోటార్లు వెనక్కి తిరుగుతాయి. పంపు తిరుగుతున్నా నీళ్లు సరిగ్గా రాకపోతే అనుమానించాల్సింది దాన్నే. వాటర్ హీటర్ నిండేదాకా స్విచ్ వేయకండి, మీరు అంటించిన కాగితం అక్కడ ఉంటుంది.

టైమర్ల గడియారాలు సరిచేయండి. గుడ్లు పెట్టే కోళ్లకు రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు లెక్క తప్పకూడదు. విద్యుత్ కంచెలో కరెంటు వచ్చిందో లేదో చూసి, మందను ఒకసారి లెక్కపెట్టండి. తర్వాత వారం పది రోజులు పొదుగులు తడిమి చూడండి, దగ్గు వినిపిస్తుందేమో గమనించండి, మొదటి పాలధార నల్లటి గిన్నెలోకి పిండి, పాలలో గడ్డలున్నాయేమో చూడండి.